తగినంత చైనా భాష

ముందే ఒప్పుకుంటే నయం. చైనా భాష నేర్చుకోవాలనుకోవడం తెలివితక్కువతనమని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. దాన్ని వంటలు చూసి నేర్చుకుందామనుకున్నాను చూడండి, అదే తెలివితక్కువతనం. ఎందుకంటే నాకు వంట రాదు. యాభై దాటినా పాలు పొంగకముందు దించిన చరిత్ర నాకు లేదు. రాని భాషని రాని వంటతో నేర్చుకుంటే రెండు మైనస్సులూ కలిస్తే ఒక ప్లస్సవుతుందని చిన్నప్పుడు చదివిన లెక్కలు నన్ను నమ్మించాయి. లెక్కలు కూడా నాకు రావన్న సంగతి ఆ సమయానికి గుర్తు రాలేదు.

రామచంద్రపురం మెయిన్ రోడ్డులో మాకు స్టీలు సామాన్ల కొట్టుంది. మా నాన్నగారి రోజుల్లో ఇత్తడి బిందెలూ, రాచ్చిప్పలూ, గుండిగలూ అమ్మేవాళ్ళం. ఇప్పుడు సగం సరుకు కరెంటుది. రైస్ కుక్కర్లు, నీళ్ళు కాచే కెటిళ్ళు, తాడు లాగితే ఉల్లిపాయలు తరిగే డబ్బాలు. వీటిలో చాలావాటి అట్టపెట్టెల మీద చైనా అక్షరాలుంటాయి. ఒకరోజు ఒకావిడ ఆవిరి మీద కూరలు ఉడికించే గిన్నె కొంటూ, లోపలి కాగితం తీసి, "ఇందులో ఏం రాశారండీ?" అని అడిగింది.

"వాడే విధానం అండి" అన్నాను. పక్కన బొమ్మలున్నాయి. అది చెప్పడానికి చైనా భాష అక్కర్లేదు.

ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుంది. "అంటే మీకు చైనా వచ్చాండీ?"

కొట్టు గల్లాపెట్టె దగ్గర పుట్టి పెరిగినవాళ్ళకి "లేదు" అన్న మాట నోట్లోంచి రాదు. ఏదడిగినా "ఉందండి", లేకపోతే "రేపు తెప్పిస్తామండి". వంశపారంపర్యంగా వచ్చిన ఆ అలవాటు కొద్దీ, "కొద్దిగా అండి" అన్నాను. ఆవిడ గిన్నె కొనుక్కుని వెళ్ళిపోయింది. గొడవ అక్కడితో తీరేది. కానీ ఆ సమయంలో మా తోడల్లుడుగారు కొట్టులో కూర్చుని టీ తాగుతున్నారు.

తోడల్లుడుగారంటే మా ఆవిడ అక్కగారి భర్త. ద్రాక్షారామం వెళ్ళే దారిలో రైసు మిల్లు ఉంది. మిల్లు మోత మీద మాట్లాడీ మాట్లాడీ ఆయన గుసగుస కూడా వీధి చివరికి వినిపిస్తుంది. వరసకి అన్నయ్యగారు. నన్ను "తమ్ముడుగారూ" అని పిలుస్తారు. ఆ "గారు"లో గౌరవం కన్నా గారడీ ఎక్కువ.

ఆ రోజు నుంచి మా అత్తవారి వైపు ఎక్కడ విస్తరి వేసినా నేను విస్తట్లో ఒక అంశమైపోయాను. "ఉండండుండండి, మా తమ్ముడుగారికి అప్పుడే పులిహోర వడ్డించెయ్యకండి. చైనాలో పులిహోరని ఏమంటారో చెప్పాక వడ్డించండి" అనేవారు. బంతి బంతంతా నవ్వేది. వడ్డించే ఆడపడుచులు కూడా గరిటె గాల్లోనే ఆపి నా జవాబు కోసం చూసేవారు. నవ్వినా ఫర్వాలేదు, పులిహోర వెనక్కి వెళ్ళిపోవడం బాధగా ఉండేది. ఆయన నోరు మూయించాలంటే నిజంగా నేర్చుకోవడం ఒక్కటే దారి అనిపించింది.

మొదట ఫోనులో ఒక యాప్ పెట్టాను. మొదటి పాఠం, "నేను విద్యార్థిని." తర్వాతి పాఠం, "ఇది గ్రంథాలయం." ఆ పైది, "నా మిత్రుడు టెన్నిస్ ఆడతాడు." ఈ వయసులో నేను విద్యార్థినని ఏ భాషలో చెప్పినా ఎవరూ నమ్మరు. గ్రంథాలయం మా కొట్టుకి దగ్గరే గాని అటు వెళ్ళి చాలా కాలమైంది. టెన్నిస్ ఆడే మిత్రులెవరూ లేరు, చతుర్ముఖ పారాయణం చేసే మిత్రులు మాత్రం నలుగురున్నారు. అప్పుడు తట్టింది. పొద్దస్తమానం నా చుట్టూ ఉండేవి మూకుళ్ళు, చాకులు, గరిటెలు, మూతలు. వీటితో మాట్లాడే చైనావాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళు మాట్లాడేదే నాకు పనికొచ్చే చైనా. కాబట్టి వంటల వీడియోలు.

వెతగ్గా వెతగ్గా ఒక గురువుగారు దొరికారు. ఆయన ముఖం నేనెప్పుడూ చూడలేదు. వీడియోలో కనిపించేవి రెండు లావుపాటి చేతులు, ఒక చెక్క పీట, ఒక కత్తి. గొంతు మాత్రం నిదానంగా, ప్రతి మాటా విడమర్చి చెబుతుంది. అందరూ విద్య గురుముఖతః నేర్చుకుంటారు. నేను గురుహస్తతః నేర్చుకున్నాను.

ఇక్కడొక చిక్కుంది. మాది శాకాహారం. గుడ్డు కూడా ఇంట్లోకి రాదు. గురువుగారేమో వంకాయ కూర మొదలుపెట్టి కూడా మధ్యలో ఏదో ఒక జీవిని తెచ్చి పీట మీద పెట్టేవారు. అప్పుడు నేను గబగబా కళ్ళు మూసుకుని, బొటనవేలితో వీడియోని ముందుకు తోసేవాణ్ణి.

"ఏవండీ, అది చేపండీ!" అని మా ఆవిడ కంగారుపడేది.

"చూడటం లేదు. కళ్ళు మూసుకున్నాను."

"చెవులో?"

చెవులు కూడా మూసుకోవాల్సి రావడంతో నా చైనా భాషలోకి కోడి, చేప, గుడ్డు ఏవీ రాలేదు. బంగాళాదుంప, వంకాయ, అల్లం, క్యాబేజీ దగ్గర ఆగిపోయింది. బహుశా ప్రపంచంలో మడి కట్టుకున్న చైనా భాష నాదొక్కటేనేమో.

చదువు సాగే పద్ధతి ఇది. కొట్టు కట్టేసి వచ్చాక వంటింటి గట్టు మీద ఫోను నిలబెడతాను. ఒక మాట రాగానే ఆపి, దాని అర్థం వెతికి, రాసుకుని, నాలుగు రకాల స్వరాల్లో పలికి చూసుకుంటాను. ఈలోగా మా ఆవిడ గురువుగారి చేతులు చూస్తూ కూర చేసేసి మూత పెట్టేసేది. నేను తెలుసుకుని చేద్దామనుకునే రకం, తను చేసి తెలుసుకునే రకం. ఒకసారి ఆవిడ చైనా బంగాళాదుంపల వేపుడులో ఆవాలూ, ఎండుమిరపకాయలూ, కరివేపాకూ వేసి పోపు పెట్టింది.

"వాళ్ళు పోపు పెట్టరే" అన్నాను.

"వాళ్ళకి చెప్పేవాళ్ళు లేక" అంది.

చక్కెరకీ చారుకీ వాళ్ళ భాషలో ఒకటే మాట, పలికే స్వరం మాత్రం వేరు. ఆ తేడా అందక నేను ఒకరోజు చారులో చక్కెర వెయ్యమన్నాను. పులుసులో బెల్లం వేసే ప్రాంతం కాబట్టి ఇంట్లో ఎవరూ ఏమీ అనుకోలేదు. పైగా బాగుందన్నారు. ఇలాంటి చోట తప్పు తెలుసుకుని భాష బాగు చేసుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

కొన్ని నెలలకి నాకు రెండు సంగతులు అర్థమయ్యాయి. మొదటిది, "ఉప్పు తగినంత" అని రాసి చేతులు దులిపేసుకునే అలవాటు వాళ్ళకీ ఉంది. "షి లియాంగ్" అంటారు. తగినంత. ఎంతో చెప్పరు. ఆ మాట వినగానే చైనావాళ్ళు నాకు చుట్టాల్లా అనిపించారు. రెండోది మాత్రం బెంగ పెట్టింది. వంటల భాషలో మనుషులుండరు. నేను, మీరు, ఆయన, దయచేసి, క్షమించండి, ఇవేవీ లేవు. అన్నీ ఆజ్ఞలే. తరుగు. నూనె పొయ్యి. ఉప్పు వెయ్యి. తిరగవెయ్యి. చివర్న "గ్వాన్ హువో", అంటే పొయ్యి కట్టెయ్యి. ఆ మాటతో గురువుగారి చేతులు గుడ్డకి తుడుచుకుని మాయమైపోయేవి.

మా ప్రాంతంలో గుమ్మంలోకొచ్చిన ఆవుని కూడా "అటెళ్ళండి" అనేంత పని చేస్తాం. అలాంటివాడిని, ఒక్క "అండి" అయినా లేని భాష నోట్లో వేసుకుంటే బట్టల్లేకుండా బజార్లో నిలబడినట్టుండేది. అందుకని నేనే కలుపుకున్నాను. "ఫాంగ్ యెన్ అండి." ఉప్పు వెయ్యండి. మా ఆవిడ విని, "ఇప్పుడు మనవాళ్ళలా ఉన్నారు" అంది.

ఇలా ఉండగా మా తోడల్లుడుగారు మిల్లుకి కొత్త యంత్రం తెప్పించారు. బియ్యంలోంచి నల్ల గింజల్నీ పచ్చ గింజల్నీ రంగు చూసి ఏరిపారేసే మిషను. దాన్ని బిగించి సరిచెయ్యడానికి చైనా నుంచి ఒక మెకానిక్కు రావాలి. ఫోను మోగింది.

"తమ్ముడుగారూ! మీవాళ్ళొస్తున్నారండీ!"

మావాళ్ళు అంటే ఎవరో అర్థమయ్యేసరికి నా చెవి మారుమోగిపోతోంది. "కొట్టులో పెళ్ళిళ్ళ సీజనండి అన్నయ్యగారూ, ఊపిరాడటం లేదు" అని తప్పించుకున్నాను. అంతలో ఇంకో మంచి కబురు తెలిసింది. మిషను దగ్గర మాటలకి ఫోనులో అనువాదం చేసే యాప్ ఉందట. ఇటు మాట్లాడితే అటు పలుకుతుంది, అటు మాట్లాడితే ఇటు. ఇంక నాతో పనేముంది? దేవుడున్నాడనుకున్నాను.

వచ్చినాయనది నా వయసే. బట్టతల, నాలాంటి పొట్ట, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ వేడినీళ్ళ ఫ్లాస్కు. ఎండలో కూడా వేడినీళ్ళే తాగుతున్నాడని, జలుబేమో అనుకుని, మా వదినగారు మొదటి రోజు మిరియాల కషాయం పెట్టించారు. మిల్లు మీద గదిలో బస, పక్కనే ఉన్న ఇంట్లో భోజనం. ఇంటికొచ్చిన అతిథిని హోటలుకి పంపడం ఆ ఇంట్లో లేదు.

రెండు మూడు రోజులకి మా ఆవిడకి వాళ్ళ అక్కగారి ఫోను వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ తను కూడా కళ్ళు ఒత్తుకుంది.

సంగతేమిటంటే, ఆయన ఏం పెట్టినా కాస్త వదిలేస్తున్నాడట. మొదటి పూట ముద్దపప్పు, పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, గారెలు, బొబ్బట్లు. చెంచాతో అన్నీ తిన్నాడు, అన్నిట్లోనూ ఓ ముక్క వదిలాడు. మన దగ్గర విస్తట్లో వదిలారంటే నచ్చలేదని అర్థం. అందుకని రెండో పూట వంటలన్నీ మార్చేశారు. మళ్ళీ వదిలాడు. మూడో పూట ఇంకో రెండు కూరలు పెంచారు. మళ్ళీ అంతే. చైనావాళ్ళకి చైనా తిండే పెడదామని మెయిన్ రోడ్డు మీద ఎర్ర డ్రాగను బొమ్మ ఉన్న బండి నుంచి గోబీ మంచూరియా తెప్పించారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆసక్తిగా, ఇది ఏ దేశపు వంట అని ఫోనులో అడిగాడు. చివరికి మా అన్నయ్యగారు మనసు రాయి చేసుకుని, ఇంట్లోకి రాకుండా, యానాం దగ్గర తెలిసిన బెస్తవారింట చేపల పులుసు వండించి మిల్లు వెనక షెడ్డులో పెట్టించారు. అందులోనూ ఒక ముక్క వదిలాడు. ఇప్పుడేమో, మీకు శ్రమ అవుతోంది, నేను కాకినాడలో హోటలుకి మారిపోతాను అంటున్నాడు.

"శ్రమట!" అంది మా ఆవిడ. "కడుపు నిండక వెళ్ళిపోతున్నాడని అక్క ఏడుస్తోందండీ. ఆ ఇంటి నుంచి ఆకలితో వెళ్ళినవాళ్ళు ఇంతవరకూ లేరు. మీరొకసారి వెళ్ళి మాట్లాడి రండి."

"నేనేం మాట్లాడను?"

"ఆ ఉప్పూ నూనే మాట్లాడండి."

మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్ళాను. అన్నయ్యగారు అరుగు మీదే ఎదురొచ్చారు. ముఖం వాడిపోయి ఉంది. నన్ను చూసేసరికి కాస్త ప్రాణం లేచొచ్చింది.

"మీ చైనా ఏదో ఇవాళ తేలిపోవాలి తమ్ముడుగారూ. ఆయనకి ఏం కావాలో కనుక్కున్నారా, మీ చైనా మీద ఈ జన్మలో నా నోట జోకు రాదు. కనుక్కోలేదా, రాబోయే మా కొత్తింటి గృహప్రవేశంలో మైకు పెట్టి చెబుతాను, మీ చైనా అంతా ఉత్తిదని."

లోపల మెకానిక్కు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా అరిటాకు. నన్ను చూపించి అన్నయ్యగారు ఫోనుకి చెప్పారు. "మా తమ్ముడండి. ఈయనకి మీ భాష వచ్చండి." ఫోను ఆ మాట చైనాలో పలకగానే ఆ మనిషి ముఖం వెలిగిపోయింది. నా రెండు చేతులూ పట్టుకుని గడగడా మొదలుపెట్టాడు. నేను చెవులు రిక్కించి విన్నాను. అంత ప్రవాహంలో ఒక్క ఉప్పు రాయి కూడా తగల్లేదు. అయినా తలూపాను. ఆయన ఆపి, జవాబు కోసం చూశాడు. గది గదంతా నా జవాబు కోసం చూసింది.

"జియాంగ్ అండి?" అన్నాను. అల్లమా అని.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నన్ను పరిశీలనగా చూశాడు.

"షావ్ శ్యూ?" కొంచెం?

ఆయన రెండు చేతులూ గాల్లో ఆడించాడు.

"ఏమంటున్నారు మరిదిగారూ?" అని వదినగారు గుమ్మంలోంచి.

"అల్లం కావాలంటున్నారండి. చాలా."

క్షణంలో అల్లం పచ్చడీ, దాన్ని నంజుకోవడానికి పెసరట్టూ వచ్చాయి. నాకు ధైర్యం వచ్చింది. "తూదోవ్?" అన్నాను. బంగాళాదుంప. అది బంగాళాదుంపే కాబట్టి పాపం ఆయన కాదనలేక తలూపాడు. వేపుడు వచ్చింది. "ఛియేజ?" అన్నాను. వంకాయ. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"వంకాయంటే ప్రాణంలా ఉందండి" అన్నాను. "తలచుకునేసరికి కళ్ళు మూతలు పడిపోయాయి."

"అయ్యో, ముందే చెప్పకపోయారా!" అంటూ వదినగారు గుత్తివంకాయ గిన్నె తెచ్చారు. అన్నయ్యగారు నా భుజం మీద చెయ్యి వేసి, "పట్టేశారు తమ్ముడుగారూ" అన్నారు, నమ్మలేనట్టు. ఆకులో చోటు లేదు. పక్కన ఇంకో ఆకు వేశారు.

అప్పుడాయన ఫోను తీసుకుని దానికి ఏదో చెప్పాడు. ఫోనులోని ఆడగొంతు చక్కటి తెలుగులో పలికింది. "చాలు. దయచేసి ఇంక వద్దు. నా కడుపు నిండిపోయింది."

అందరం విన్నాం. వదినగారి కళ్ళు చెమర్చాయి. "చూశారా, ఎంత మర్యాదో!" అని, ఇంకో వంకాయ వేశారు.

ఆవిణ్ణి తప్పు పట్టడానికి లేదు. "చాలండి" అన్న మాట విని వడ్డన ఆపే ఇల్లాలు మా వైపు ఇంకా పుట్టలేదు. ఆ మాట అనకపోతే మొహవాచిపోయి వచ్చారనుకుంటాం, అంటే మొహమాటపడుతున్నారనుకుంటాం. ఎవరైనా మొదటి "చాలండి" దగ్గరే ఆపేస్తే ఆ ఇంటి గురించి ఊళ్ళో ఏడాది చెప్పుకుంటారు. ఫోనుకి తెలుగు వచ్చు గాని మా వడ్డన రాదు.

ఆయన లేచాడు. వంటింట్లోంచి నూనె కాగుతున్న చప్పుడు వస్తోంది. తర్వాతి వాయి గారెలకి మూకుడు పొయ్యి మీదుంది. ఆయన నా మణికట్టు పట్టుకుని గుమ్మం దాకా లాక్కెళ్ళాడు. గ్యాసు పొయ్యి వైపు వేలు చూపించాడు. పసిపిల్లలకి మొదటి అక్షరం చెప్పినట్టు, నా కళ్ళల్లోకి చూస్తూ, విడివిడిగా అన్నాడు.

"గ్వాన్. హువో."

అంతవరకూ నాతో ఏ చైనా మనిషీ నాకర్థమయ్యేలా ఒక్క మాట అనలేదు. ఇది మాత్రం ఎన్ని సాయంత్రాలు విన్నానో! స్వరంతో సహా తెలిసిన మాట. ఏం జరుగుతోందో ఆలోచించేలోపే నా కాళ్ళు వదినగారి వంటింట్లోకి వెళ్ళిపోయాయి. మీట తిప్పాను. మంట ఆరిపోయింది. నూనె చప్పుడు నెమ్మదిగా సద్దుమణిగింది. వెనక నుంచి ఒక నిట్టూర్పు వినిపించింది. ఆయన గోడకి ఆనుకుని, పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని, నన్ను దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నాడు.

"వదినగారూ" అన్నాను, "ఈయన ఆకలితో లేరండి. పొట్ట పగిలిపోతోందండి. పొయ్యి కట్టెయ్యమంటున్నారు."

వదినగారు గరిటె కింద పెట్టేశారు. అన్నయ్యగారు ఫోను అందుకుని, మరి ప్రతీదీ ఎందుకు వదిలారండీ అని అడిగారు. ఆయన ఊపిరి తీసుకుని చాలాసేపు చెప్పాడు. ఫోను దాన్ని ముక్కలు ముక్కలుగా పలికింది. వాళ్ళమ్మ నేర్పిన పద్ధతట. ఒకరింట్లో భోజనానికి వెళ్ళి అంతా ఊడ్చుకుని తింటే, మీరు పెట్టింది సరిపోలేదని ఇంటివాళ్ళని అవమానించినట్టట. అందుకని కాస్త వదలాలి. ఈ ఇంట్లో ఎన్నిసార్లు వదిలితే అన్ని కొత్త వంటలు వస్తున్నాయి. వద్దంటే ఇంకా వేస్తున్నారు. రాత్రి నడుం వాల్చలేకపోతున్నాడు. హోటలుకి పోతే ప్రాణం దక్కుతుందనుకున్నాడు.

వదినగారు పీట మీద కూలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశారు. తర్వాత లేచి వామునీళ్ళు కాచి ఇచ్చారు. ఆయనకి ఆ ఇంట్లో నచ్చి తాగిన మొదటి వేడినీళ్ళు అవే. ఆ రోజు నుంచి ఆయన ఆకులో ఏం వదిలినా ఎవరూ ఏమీ అనుకోలేదు. హోటలు ఊసు మళ్ళీ రాలేదు. మిషను బిగింపు కూడా చకచకా సాగిపోయింది.

ఇంటికి వస్తూ దారంతా దీన్నే ఆలోచించాను. ఇటు మర్యాదస్తులు, అటు మర్యాదస్తులు. మర్యాద మాటలు ఎంత బాగా అనువాదం చేసినా ఎవరూ నమ్మలేదు. నా భాషలో దయచేసీ, క్షమించండీ లేవని ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాను. అవి లేకపోబట్టే అది ఆ గుమ్మం దాటగలిగింది. మా ఆవిడకి ఇదంతా గొప్పగా చెబితే, "అంటే ఇన్నేళ్ళొచ్చాక మీరు పొయ్యి కట్టెయ్యడం నేర్చుకున్నారన్నమాట. ఇంక పాలు మీకే అప్పజెప్పచ్చు" అంది.

అన్నయ్యగారు మాట నిలబెట్టుకుంటారనే అనుకున్నాను. ఆ వారంలోనే ఒక బారసాలకి వెళ్ళాం. విస్తళ్ళు వేశారు. పులిహోర నా దాకా వచ్చింది. మిల్లు గొంతు లేచింది.

"మా తమ్ముడుగారికి చైనా భాషలో పొయ్యి కట్టెయ్యడం వచ్చండోయ్! వెలిగించడం ఇంకా రాలేదు!"

బంతి గొల్లుమంది. చేతులు కడుక్కునే చోట నిలదీశాను. "జోకులెయ్యనన్నారు కదండీ అన్నయ్యగారూ."

"ఇది జోకెక్కడండీ? జరిగిందే కదా చెప్పాను!"

కాబట్టి తర్వాత జరిగినదానికి పూర్తి బాధ్యత నాది కాదు.

మిషను పని పూర్తయింది. బియ్యం మల్లెపూలలా దిగుతున్నాయి. మెకానిక్కు గారు బయల్దేరే రోజు మిల్లు ఆవరణలో చిన్న సన్మానం పెట్టారు. శాలువా, దండ, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. హమాలీలు, గుమస్తాలు, డ్రైవర్లు అందరూ వచ్చారు. కార్యక్రమానికి ముందు అన్నయ్యగారు నన్ను ధాన్యం బస్తాల చాటుకి తీసుకెళ్ళారు. ఆయన జీవితంలో మొదటిసారి నిజమైన గుసగుస విన్నాను.

"తమ్ముడుగారూ, ఆయనకి వీడ్కోలు ఆయన భాషలోనే చెప్పాలని ఉందండి. ఫోను చేత చెప్పిస్తే బావుండదు, ఆడగొంతు. ఒక్క మంచి వాక్యం చెప్పండి. గంభీరంగా ఉండాలి. మిల్లు పరువు."

నాకు వీడ్కోలు మాటలు రావు. గురువుగారు చేతులు తుడుచుకుని వెళ్ళిపోతారే గాని వెళ్ళొస్తానని ఎప్పుడూ అనలేదు. ఆ సంగతి చెప్పవలసింది. కానీ ముందే మనవి చేశాను, "లేదు" అన్న మాట మా ఇంటావంటా లేదు.

"శ్యావ్ హువో మాన్ దున్" అన్నాను.

"ఆహా! వినడానికే గొప్పగా ఉంది. అర్థమేంటండీ?"

"చాలా లోతైన మాటండి. నిదానంగా తెలుస్తుంది."

సిమ్ములో పెట్టి నెమ్మదిగా ఉడకనివ్వండి అని దానర్థం. బస్తాల చాటున ఆయన చేత వల్లె వేయించాను. శ్రద్ధగా, కళ్ళు మూసుకుని, మంత్రంలా నేర్చుకున్నారు. స్వరాలు కూడా దిద్దాను. ఆ విషయంలో నేను ఏ లోపమూ చెయ్యలేదు.

శాలువా కప్పారు. దండ వేశారు. అన్నయ్యగారు రెండు చేతులూ జోడించి, గొంతు సవరించుకుని, మిల్లు మోత కూడా వెనక్కి తగ్గేలా పలికారు.

"శ్యావ్ హువో మాన్ దున్!"

మెకానిక్కు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అన్నయ్యగారిని చూశాడు. ఆయన భుజం మీదుగా నన్ను చూశాడు. నేను కొబ్బరిచెట్టు మీద గెలలు పరిశీలిస్తున్నాను. అప్పుడాయన పెదవి చివర కొంచెం వణికింది. వెంటనే సర్దుకుని, అంతే గంభీరంగా చేతులు జోడించి, తల వంచి, జవాబిచ్చాడు.

"గాయ్ షాంగ్ గాయ్‌జ."

మూత పెట్టండి.

చప్పట్లు మోగిపోయాయి. హమాలీ మేస్త్రీ "ఆయ్, బాగా చెప్పారండి" అన్నాడు. అన్నయ్యగారు ఆనందంతో నా వైపు వంగి, "ఏమన్నారు, ఏమన్నారు?" అని అడిగారు.

"మీ ఇంటి ఆతిథ్యాన్ని గుండెల్లో దాచుకుని మూత పెట్టుకుంటానన్నారండి" అన్నాను. దాంట్లో సగం నిజం.

ఇప్పుడు మిషనుకి ఏ చిన్న అవసరం వచ్చినా మా అన్నయ్యగారే స్వయంగా ఆ కంపెనీకి వీడియో కాల్ చేస్తారు. ఆపరేటర్లని చెయ్యనివ్వరు. అటువైపు ఎవరు కనిపించినా ముందు చేతులు జోడించి ఆ వాక్యం చెబుతారు, ఆ తర్వాతే పని.

"మన మర్యాదంటే వాళ్ళకి ఎంత ఇష్టమో తమ్ముడుగారూ" అన్నారు మొన్న కొట్టుకొచ్చి టీ తాగుతూ. "నేనా మాట అనగానే పక్క గదుల్లో వాళ్ళని కూడా పిలుచుకొస్తున్నారండి. మళ్ళీ అనండి, మళ్ళీ అనండి అని ఒకటే అడగడం."

"మరేనండి" అన్నాను. "గట్టిగా అంటున్నారా?"